పిల్లి కాటు, రోగరక్షణ లోపము

హైదరాబాదు నగరమునకు పడమట, ఉస్మాన్ సాగర్ జలాశయమునకు సమీపమున కోకాపేట ఉన్నది. 1908లో మూసీ వరద నగరమును ముంచివేసిన పిమ్మట, అట్టి ఉపద్రవము మరల రాకుండ కట్టిన ఆ జలాశయము 1920లో పూర్తియైనది. జనులు దానిని గండిపేట చెరువు అందురు. మొన్న మొన్నటి వరకు కోకాపేట పొలములు, రాతిగుట్టలు గల పల్లె. నేడు ఔటర్ రింగ్ రోడ్డు దాని ప్రక్కగా పోవుచున్నది. 2023 ఆగస్టులో జరిగిన వేలములో అచ్చటి భూమి ఎకరము నూరు కోట్ల రూపాయలు దాటినది. పొలములున్న చోట నలువది, ఏబది అంతస్తుల మేడలు లేచినవి.

మనుష్యులు చేరిన చోటికి పిల్లులును చేరును. పునాది గోతుల ప్రక్కన, ఇసుక కుప్పల మీద, సెల్లారులో నిలిపిన కార్ల క్రింద, కూలీల గుడిసెల చుట్టును పిల్లులు తిరుగుచుండును. వానిలో కొన్ని దయగలవారి చేతులలో పడి లిఫ్టెక్కి మేడల మీదికి చేరును.

అట్టి గృహమునొకదానిని ఊహించుకొనవచ్చును. గోతి ప్రక్కన దొరికిన కూనను పిల్లలు ఇంటికి తెచ్చుకొనిరి. అది పెరిగి గండుపిల్లియైనది. రాత్రి వేళ మెట్ల దారిన క్రిందికి పోయి, తోటి గండుపిల్లులతో కలహించి, తెల్లవారుసరికి తిరిగి వచ్చుచుండెను. ఒకనాడు మెడ మీద చీముగడ్డతో వచ్చినది. పశువైద్యుడు గడ్డను కోసి, శుభ్రపరచి, మందు వేసెను. తరువాత ఒక బొట్టు రక్తమును చిన్న పరీక్షా పలక మీద వేసి చూచెను. కొన్ని నిమిషములలో ఒక గీత తేలవలసిన చోట రెండు గీతలు తేలినవి. పిల్లి రక్తములో ఎఫ్.ఐ.వి. జాడ ఉన్నదని దాని అర్థము.

ఆ మాట వినగానే ఇంటివారి మనస్సులో మూడు ప్రశ్నలు పుట్టును. ఇది చచ్చిపోవునా? ఇంటిలోని పిల్లలకు ఇది అంటునా? ఇంటిలో ఉన్న రెండవ పిల్లి గతి ఏమి? ఈ మూడింటికిని విజ్ఞానశాస్త్రము నేడు చాలవరకు స్పష్టమైన సమాధానము చెప్పగలదు. ఆ సమాధానములు తెలియకపోవుటచేతనే ఎన్నో పిల్లులు వీధి పాలగుచున్నవి, లేదా అకాలమున ప్రాణములు కోల్పోవుచున్నవి.

వైరస్ దొరికిన కథ

ఎఫ్.ఐ.వి. అనగా ఫిలైన్ ఇమ్యునోడెఫిషియన్సీ వైరస్. పిల్లులలో రోగరక్షక శక్తిని క్షీణింపజేయు వైరస్ అని దీని భావము. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పెటలూమా అను ఊరిలో అనేక పిల్లులను సాకుచున్న ఒకచోట వింత వ్యాధి కనబడెను. పిల్లులు చిక్కిపోవుచుండెను. నోరు పూయుట, ముక్కు కారుట, విరేచనములు మానకుండెను. మనుష్యులలోని ఎయిడ్స్ రోగుల స్థితిని ఆ లక్షణములు గుర్తుకు తెచ్చుచుండెను.

ఆ కాలమునకు పిల్లులలో ఇట్టి క్షీణతకు కారణమైన వైరస్ ఒకటి తెలిసియుండెను. 1964లో స్కాట్లండులోని గ్లాస్గోలో విలియం జారెట్ కనుగొనిన పిల్లుల ల్యుకేమియా వైరస్ అది. కాని పెటలూమా పిల్లులకు ఆ వైరస్ పరీక్షలో లేదని తేలెను. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో అను శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఆ పిల్లుల రక్తమునుండి క్రొత్త వైరస్‌ను వేరు చేసి, 1987లో ప్రకటించిరి.

క్రొత్తగా దొరికినది కాని, క్రొత్తగా పుట్టినది కాదు. దానికి చాల ఏండ్ల ముందు నిలువచేసిన పిల్లుల రక్తరసమును పరీక్షింపగా అందులోను దీని జాడలు కనబడినవి. ఆఫ్రికా సింహములలోను, అమెరికా ఖండములలోని ప్యూమాలలోను దీనికి దాయాదులైన వైరస్‌లు ఉన్నవి. మార్జాల కులమును ఈ వైరస్‌లు చిరకాలముగా ఆశ్రయించియున్నవని దీనివలన తెలియుచున్నది.

రక్షకభటునే పట్టుకొను దొంగ

ఈ వైరస్ అతి సూక్ష్మమైనది. మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో అందులో ఒక భాగము దీని వ్యాసమునకు సుమారుగా సరిపోవును. దీనిలోని వారసత్వ పదార్థము ఆర్.ఎన్.ఏ. ఆ సందేశము సుమారు 9,400 అక్షరముల పొడవు మాత్రమే గలది.

సాధారణముగా జీవకణములో సందేశము డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ.కు పోవును. ఈ వైరస్ త్రోవను తిరుగవేయును. తన ఆర్.ఎన్.ఏ.ను చూచి డి.ఎన్.ఏ. ప్రతిని వ్రాసుకొను ఎంజైము దీనియొద్ద ఉన్నది. అట్టి ఎంజైమును 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేరువేరుగా కనుగొని, 1975లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. ఇట్లు తిరుగు దారి పట్టు వైరస్‌లకు రెట్రోవైరస్‌లని పేరు. వీనిలో మెల్లమెల్లగా పనిచేయు తెగను లెంటివైరస్‌లు అందురు. లాటిన్ భాషలో లెంటస్ అనగా మందగమనము గలదని అర్థము. మనుష్యులలో ఎయిడ్స్‌కు కారణమైన హెచ్.ఐ.వి. కూడ ఈ తెగలోనిదే. దానిని 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కనుగొనిరి.

శరీరమునకు రోగములనుండి రక్షణ కలిగించునవి తెల్ల రక్తకణములు. వీనిలో సహాయక టి-కణములు సేనాపతుల వంటివి. శత్రువు వచ్చినదని గ్రహించి ఇతర కణములకు ఆజ్ఞలిచ్చునవి ఇవియే. ఎఫ్.ఐ.వి. ఆ సేనాపతుల మీదనే పడును. కణము పైపొర మీద సి.డి. 134 అను ఒక ప్రోటీను ఉండును. వైరస్ ముందు దానిని పట్టుకొని, తరువాత మరియొక ప్రోటీను సాయమున లోపలికి చొరబడును. లోపల డి.ఎన్.ఏ. ప్రతిని వ్రాసి, కణము యొక్క సొంత డి.ఎన్.ఏ. నడుమ దానిని అతికించును. ఇంటి దస్తావేజులో దొంగ తన పేరు వ్రాసికొనిన చందమిది. కణము విభజన చెందినప్పుడెల్ల ఆ దొంగ వ్రాతకు కూడ నకలు తయారగును. అందుచేతనే ఈ వైరస్‌ను శరీరమునుండి పూర్తిగా తొలగించు మందు నేటికిని లేదు.

వ్యాపించు విధము

ఈ వైరస్ సోకిన పిల్లి లాలాజలములో ఉండును. ఒక పిల్లి మరియొక దానిని లోతుగా కరచినప్పుడు సూదిమొన వంటి కోరపండ్లు ఆ లాలాజలమును చర్మము క్రిందికి దింపును. వ్యాధి వ్యాపించుటకు ముఖ్యమైన మార్గమిదియే. సూదిమందు వేసినట్లు పని జరుగును. గాయము పైన చిన్నదిగా మూసికొని, లోపల చీము పట్టును. కావున కోకాపేట గండుపిల్లి మెడ మీది గడ్డకును, పరీక్షలో తేలిన గీతకును సంబంధముండుట ఆశ్చర్యము కాదు. అయితే ఆ గీత సాధారణముగా నిన్నటి కాటును తెలుపదు. కొన్ని వారములకు, నెలలకు, లేదా ఏండ్లకు పూర్వము జరిగిన కాటును తెలుపును.

తగవులాడునవి ముఖ్యముగా శస్త్రచికిత్స చేయింపని గండుపిల్లులు. ప్రతి గండుపిల్లియు తనకొక ఎల్లను ఏర్పరచుకొని, దానిలోనికి వచ్చిన మరియొక గండుపిల్లిని తరుమును. ఆహారము దొరకు చోట్లు తక్కువై, పిల్లులు ఎక్కువైనచో కాట్లు పెరుగును. పాత గుట్టలు, పొదలు పోయి క్రొత్త కట్టడములు లేచుచున్నచోట, ఒక సెల్లారు కొరకు నాలుగు గండుపిల్లులు పోరాడుట వింత కాదు.

తల్లినుండి కూనలకు వైరస్ పోవచ్చును గాని అది అరుదు. ఒకే పళ్ళెములో తినుట, ఒకదానినొకటి నాకుకొనుట, ఒకే ఇసుక తొట్టిని వాడుట, ప్రక్కప్రక్కన నిద్రించుట వలన ఇది వ్యాపించుట చాల అరుదు. శరీరము వెలుపల ఈ వైరస్ ఎక్కువ సేపు బ్రదుకలేదు. ఆరిపోయినను, సబ్బు తగిలినను, సాధారణమైన క్రిమినాశకములతో కడిగినను నశించును. ల్యుకేమియా వైరస్ సంగతి వేరు. అది స్నేహముగా మెలగు పిల్లుల నడుమ నాకుట వలన, కలిసి తినుట వలన కూడ వ్యాపించును. ఒకటి కలహమున అంటునది, ఒకటి స్నేహమున అంటునది అని గుర్తుంచుకొనవచ్చును. పరీక్షా పలకలు తరచుగా ఈ రెండింటిని ఒకేసారి పరీక్షించును. కావున ఏ గీత ఏ వైరస్‌కు సంబంధించినదో వైద్యునడిగి తెలిసికొనవలెను.

మూడు దశలు

వైరస్ సోకిన కొన్ని వారములకు మొదటి దశ కనబడును. కొలది జ్వరము, మందకొడితనము, ఆకలి తగ్గుట, దవడ క్రింది లింఫ్ గ్రంథులు ఉబ్బుట దీని లక్షణములు. అవి స్వల్పముగా వచ్చి పోవును. చాలమంది యజమానులు గమనింపను గూడ గమనింపరు.

తరువాత వచ్చునది నిశ్శబ్ద దశ. పిల్లి ఎప్పటివలె తినును, ఆడును, కిటికీ మీద కూర్చుండి పావురములను చూచి పండ్లు కటకటలాడించును. శరీరములో మాత్రము సహాయక కణముల సంఖ్య మెల్లగా తగ్గుచుండును. ఈ దశ ఎన్నో ఏండ్లు ఉండవచ్చును. కొన్ని పిల్లులకు జీవితాంతము ఇదియే దశ. అవి ముసలితనమున ఇతర కారణములచేత మరణించును.

మూడవ దశ అన్ని పిల్లులకును రాదు. వచ్చినచో, సాధారణమైన సూక్ష్మజీవులు కూడ శరీరమును లొంగదీయును. చిగుళ్ళు, నోటి లోపలి భాగము ఎర్రబడి పుండ్లగుట దీనిలో చాల తరచుగా కనబడు లక్షణము. ఆకలి ఉన్నను నొప్పిచేత తినలేక పిల్లి పళ్ళెము దగ్గరకు వచ్చి వెనుదిరుగును. మానని జలుబు, విరేచనములు, చర్మరోగములు, కండ్లలో వాపు, బరువు తగ్గుట, కొన్నింటిలో లింఫోమా అను పుట్టకురుపు కనబడవచ్చును.

పరీక్ష చెప్పునదేమి, చెప్పనిదేమి

వైద్యశాలలో చేయు చిన్న పరీక్ష వైరస్‌ను చూపదు. వైరస్‌ను ఎదుర్కొనుటకై శరీరము తయారుచేసిన ప్రతిదేహములను చూపును. ఈ భేదము గ్రహింపనిచో పొరపాట్లు జరుగును.

మొదటి పొరపాటు కూనల విషయమున జరుగును. తల్లిపిల్లికి వైరస్ ఉన్నచో దాని ప్రతిదేహములు ముర్రుపాలతో కూనలకు చేరును. కూనలకు వైరస్ సోకకపోయినను పరీక్షలో గీత తేలును. ఇవి కొన్ని నెలలలో కరగిపోవును. కాబట్టి ఆరు నెలల లోపు కూనకు గీత తేలినచో తొందరపడక, ఆరు నెలలు దాటిన పిమ్మట మరల పరీక్షింపవలెను.

రెండవది దీనికి వ్యతిరేకమైనది. నిన్న కాటు తినిన పిల్లిలో నేడు ప్రతిదేహములుండవు. శరీరమునకు వానిని తయారుచేయుటకు కొన్ని వారములు పట్టును. కావున కాటు తగిలిన పిల్లికి గీత తేలకపోయినను రెండు నెలలు గడచిన పిదప తిరిగి పరీక్షింపవలెను.

మూడవది లెక్కకు సంబంధించినది. ఇండ్లలోనే ఉండు వేయి పిల్లులలో 20కి వైరస్ ఉన్నదనుకొనవచ్చును. పరీక్ష ఆ ఇరువదింటిని పట్టుకొనును, ఆరోగ్యమైన వానిలో నూటికి రెండింటి విషయమున పొరపడును అనుకొన్నచో, మిగిలిన 980లో సుమారు 20కి తప్పుడు గీత తేలును. మొత్తము 40 గీతలలో సగము మాత్రమే నిజము. వేయింటిలో 200కు వైరస్ ఉన్న వీధి గండుపిల్లులను అదే పరీక్షకు పెట్టినచో, తప్పుడు గీతలు 16 మాత్రమే. పరీక్ష ఒక్కటే అయినను, ఎవరిని పరీక్షించితిమను దానిని బట్టి దాని మాటకు విలువ మారుచున్నది. గడప దాటని పిల్లికి గీత తేలినప్పుడు మరియొక తయారీదారు పరీక్షతోనో, పి.సి.ఆర్. పరీక్షతోనో రూఢి చేసికొనుట వివేకము. పి.సి.ఆర్. వైరస్ యొక్క వారసత్వ పదార్థమునే వెదకును. అదియు ఒక్కొక్కప్పుడు తప్పిపోవచ్చును గనుక, రెండింటిని కలిపి వైద్యుడు నిర్ణయము చేయును.

మనుష్యులకు అంటదు

"డాక్టరు గారూ, చంటిపిల్లలున్న ఇల్లు. ఇది వాళ్ళకు అంటుకుంటుందా?" అని ఇంటి పెద్దావిడ అడుగుట సహజము. అంటుకొనదు. వైరస్ పేరును, దాని కులమును హెచ్.ఐ.వి.ని పోలియుండుటచే ఈ భయము పుట్టినది. పిల్లుల ఎయిడ్స్ అని జనులు పిలుచుట ఆ భయమును పెంచినది. వైరస్ కణములోనికి ప్రవేశించుటకు పట్టుకొను పిడి ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క విధముగా ఉండును. ఒక ఇంటి తాళపుచెవి మరియొక ఇంటి తాళమునకు పట్టదు. పిల్లి కరచినను, గీరినను మనుష్యులకు ఎఫ్.ఐ.వి. వచ్చిన నిదర్శనము ఇంతవరకు ఎచ్చటను లేదు. కుక్కలకును ఇది సోకదు.

అంతమాత్రమున పిల్లి కాటును తేలికగా తీసికొనరాదు. రేబీస్ వేరు, ఎఫ్.ఐ.వి. వేరు. రేబీస్ మనుష్యులకు ప్రాణాంతకము. ఏ పిల్లి కరచినను గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదిహేను నిమిషములు కడిగి వైద్యుని చూడవలెను. పిల్లికి రేబీస్ టీకా తప్పక వేయింపవలెను.

ఇంటిలో చేయవలసినవి

వైరస్‌ను వెళ్ళగొట్టలేకపోయినను, దానికి తోడు వచ్చు శత్రువులను దూరముగా ఉంచవచ్చును. ఎఫ్.ఐ.వి. గల పిల్లి సంరక్షణలోని సూత్రమంతయు ఇదియే.

మొదటిది, పిల్లిని ఇంటిలోనే ఉంచవలెను. దీనివలన దానికి ఇతర రోగములు సోకవు, దానివలన ఇతర పిల్లులకు వైరస్ పోదు. బాల్కనీలకు పావురములు రాకుండ కట్టు వల ఈ పనికి ఉపకరించును. గట్టి వలను, సందులు లేకుండ బిగించినచో పిల్లి పై అంతస్తునుండి పడిపోవు ప్రమాదము కూడ తప్పును. ఎత్తున కూర్చుండుటకు ఒక బల్ల, గోళ్ళు గీరుకొనుటకు జనపనార చుట్టిన దుంగ, దాగుటకు ఒక అట్టపెట్టె, రోజుకు రెండు పూటల ఆట ఉన్నచో, వీధికి అలవాటు పడిన పిల్లియు కొన్ని వారములలో ఇంటికి కుదురుకొనును.

రెండవది, శస్త్రచికిత్స. గండుపిల్లికి వృషణములను తొలగించినచో తిరుగుడును, కలహమును చాలవరకు తగ్గును. ఆడుపిల్లికి చేయించినచో ఈతలు, వానితో వచ్చు నీరసము ఉండవు.

మూడవది, ఆహారము. పెరుగన్నము, పాలు పెట్టి పిల్లిని సాకుట ఎన్నో ఇండ్లలో ఆచారము. పిల్లి మాంసాహారి. టారిన్ అను పదార్థము దానికి తప్పనిసరి. అది మాంసములోను, చేపలలోను ఉన్నది గాని అన్నములో లేదు. టారిన్ లోపించినచో పిల్లికి కంటిచూపు చెడును, గుండె కండరము సడలును. గుండెజబ్బుకు ఈ లోపము కారణమని పాల్ పయన్, అతని సహచరులు 1987లో తెలిపిరి. వారును డేవిస్ విశ్వవిద్యాలయమువారే. ఎఫ్.ఐ.వి. గల పిల్లికి పచ్చి మాంసము, పచ్చి గ్రుడ్లు, కాచని పాలు పెట్టరాదు. వానిలోని సూక్ష్మజీవులను ఆరోగ్యమైన పిల్లి జయించును గాని ఇది జయింపలేకపోవచ్చును. ఉడికించిన కోడిమాంసము మంచిదే గాని, దానినొక్కదానినే పెట్టక, పిల్లులకై తయారైన సమతుల ఆహారమును ముఖ్యముగా వాడవలెను.

నాలుగవది, ఆరు నెలలకొక పర్యాయము వైద్య పరీక్ష. వైద్యుడు నోరు, కండ్లు, గ్రంథులు చూచును. అవసరమైనచో రక్తము, మూత్రము పరీక్షించును. ఇంటిలో నెలకొకసారి బరువు చూచి వ్రాసిపెట్టుకొనవలెను. పిల్లిని ఎత్తుకొని తూనిక మీద నిలిచి, తరువాత ఒంటరిగా నిలిచి, భేదము తీసికొన్నచో చాలును. నాలుగు కిలోల పిల్లి అరకిలో తగ్గుట, మనిషి ఏడెనిమిది కిలోలు తగ్గుటతో సమానము. కంటికి తెలియని ఈ మార్పును కాగితము తెలుపును. పేలు, గోమారులు, పేగులలోని పురుగులు చేరకుండ మందులు వేళకు వేయింపవలెను. సాధారణమైన టీకాలలో ఏవి, ఎప్పుడు అను విషయము వైద్యుడు నిర్ణయించును.

ఐదవది, వేచి చూడరాదు. ఆరోగ్యమైన పిల్లికి రెండు దినముల జలుబు దానంతటదియే పోవచ్చును. ఈ పిల్లికి మొదటి దినమే వైద్యము చేయింపవలెను. ఇంటిలో ఉన్నది కదా అని మనుష్యుల జ్వరపు బిళ్ళ వేయరాదు. పారాసిటమాల్ పిల్లికి విషము. ఒక్క బిళ్ళ దాని ప్రాణము తీయవచ్చును.

రెండవ పిల్లి మాటేమి?

మొదట ఆ పిల్లిని కూడ పరీక్షింపవలెను. రెండును శస్త్రచికిత్స అయినవై, చిరకాలముగా స్నేహముతో మెలగుచు, కరచుకొననివైనచో వానిని విడదీయనక్కరలేదు. అట్టి ఇండ్లలో వైరస్ ఒకదానినుండి మరియొకదానికి పోవుట అరుదని పరిశీలనలు తెలుపుచున్నవి. అవి తగవులాడునవైనచో వేరువేరు గదులలో ఉంచుట మంచిది. ఎఫ్.ఐ.వి. గల పిల్లి ఉన్న ఇంటికి క్రొత్త పిల్లిని తెచ్చుట మానుకొనుట ఇంకను మంచిది. క్రొత్తది వచ్చినచో పాతది ఎల్ల కొరకు పోరాడవచ్చును. క్రొత్తదానితో క్రొత్త రోగములును రావచ్చును.

నివాసము ప్రభావము ఎంత గొప్పదో అమెరికాలో జరిగిన ఒక పరిశీలన తెలుపుచున్నది. ఎఫ్.ఐ.వి. సోకిన పిల్లుల రెండు గుంపులను శాస్త్రజ్ఞులు చూచిరి. చికాగోలోనివి ఒకటి రెండు పిల్లులు మాత్రమే ఉన్న ఇండ్లలో పెరుగుచుండెను. మెంఫిస్‌లోనివి అనేక పిల్లులు క్రిక్కిరిసిన ఒకే చోట ఉండెను. రెండేండ్లు నిండకముందే మెంఫిస్ పిల్లులలో సగమునకు మించి మరణించినవి. చికాగో పిల్లులు దాదాపు అన్నియు బ్రదికియుండెను. 2015లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. సోకిన వైరస్ ఒకే తెగలోనిదైనను, ఇల్లు వేరైనచో ఫలము వేరగుచున్నది.

మందులు, టీకా

మనుష్యుల హెచ్.ఐ.వి.కి వాడు జిడోవుడిన్ అను మందును పిల్లులకు కూడ వాడి చూచిరి. కొన్ని పిల్లులలో నోటిపూత, నాడీ సంబంధమైన లక్షణములు తగ్గినవి. కాని ఈ మందు రక్తహీనతను కలిగింపగలదు. కాబట్టి నెల నెలకు రక్తపరీక్షలు చేయుచు, అవసరమైన పిల్లికి మాత్రమే వైద్యుడు దీనిని ఇచ్చును. లక్షణములు లేని పిల్లికి ఏ మందును అవసరము లేదు. నోటి వ్యాధి ముదిరినచో పండ్లు తీయించుట వలన ఉపశమనము కలుగవచ్చును. పండ్లు లేని పిల్లి మెత్తని ఆహారమును హాయిగా తినగలదు.

జానెట్ యమమోటో కృషి ఫలముగా ఒక టీకా తయారై 2002లో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. వైరస్‌లో అనేక ఉపజాతులుండుటచే అది అన్నింటినుండియు సమానముగా రక్షింపలేకపోయినది. అంతేకాక, టీకా వేసిన పిల్లిలో కూడ ప్రతిదేహములు పుట్టి పరీక్షలో గీత తేలుచుండెను. రోగము వలన తేలినదో, టీకా వలన తేలినదో చెప్పుట కష్టమయ్యెను. కొన్నేండ్లకు అమెరికా, కెనడాలలో దాని అమ్మకము నిలిచిపోయినది. నేడు నమ్మదగిన టీకా ఒక్కటే, పిల్లిని కాటుకు దూరముగా ఉంచుట.

నిర్ణయించు వేళ

పరీక్షలో గీత తేలినదను ఒక్క కారణముచే పిల్లి ప్రాణము తీయరాదని పిల్లుల వైద్యములో నిపుణులైనవారి సంఘములు నేడు స్పష్టముగా చెప్పుచున్నవి. గీత ఒక సమాచారము మాత్రమే. పిల్లి తినుచున్నదా, తన ఒడలిని తాను శుభ్రపరచుకొనుచున్నదా, ఆడుచున్నదా, నొప్పి లేకుండ నిద్రించుచున్నదా అను ప్రశ్నలకు వచ్చు జవాబులే దాని బ్రదుకును కొలుచు కొలబద్దలు. ఏండ్లు గడచి ఆ జవాబులన్నియు కాదని వచ్చి, మందులును పనిచేయని దినము రావచ్చును. ఆనాడు వైద్యునితో కూర్చుండి, పిల్లికి బాధ లేని ముగింపును గూర్చి ఆలోచించుట క్రూరత్వము కాదు. ఆ దినము నేడే వచ్చినదని తలచుట మాత్రము పొరపాటు.

మరియొక పొరపాటు పిల్లిని సంచిలో వేసి దూరముగా విడిచివచ్చుట. ఔటర్ రింగ్ రోడ్డు అవతలనో, చెరువు గట్టుననో విడిచిన ఇంటి పిల్లి ఆకలికి గురియగును. ఎల్ల కొరకు పోరాడి ఇతర పిల్లులకు వైరస్‌ను పంచును. రోగము ఆ విధముగా వదలదు, వ్యాపించును. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును కారణము లేక విడిచిపెట్టుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ.

మేడలలో నివసించువారు కలిసి చేయదగిన పని ఒకటున్నది. క్రింద తిరుగు పిల్లులకు ఒకే చోట కుప్పగా ఆహారము పోయక, దూర దూరముగా రెండు మూడు చోట్ల వేళకు పెట్టినచో కొట్లాట తగ్గును. చందా వేసికొని వానికి శస్త్రచికిత్సలు, రేబీస్ టీకాలు చేయించినచో కాట్లు తగ్గును, కూనలు తగ్గును. కాట్లు తగ్గినచోట ఎఫ్.ఐ.వి. తనంతట తానే వెనుకంజ వేయును. కోకాపేటకు దూరము కాని రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నది. నగరములో ప్రభుత్వ పశువైద్యశాలలు, ప్రైవేటు వైద్యులు కూడ ఉన్నారు. సలహా దొరకని చోటు కాదిది.

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని పెద్దలందురు. మెడకు గాయమై, రక్తములో వైరస్‌తో వచ్చిన గండుపిల్లికి ఇక ఏడిండ్లు అక్కరలేదు. తలుపు వేసియుండు ఒక్క ఇల్లు, వేళకు తిండి, ఆరు నెలలకొక పరీక్ష, తనను చూచి భయపడని మనుష్యులు ఉన్నచో చాలును. కిటికీ వల వెనుక, ఎండ పడుచోట, అది ఇంకను ఎన్నో ఏండ్లు ఒళ్ళు విరుచుకొని నిద్రింపగలదు.